టేబుల్ మీద కొట్టని దెబ్బ

మందుల కంపెనీలో లేబుళ్ళు సరిచూసే గదిలో ఇద్దరే ఉంటారు. ఆమె అసలు కాగితం పట్టుకుని పైకి చదువుతుంది. ఎదురు కుర్చీలో పెద్దావిడ అచ్చయిన నమూనా మీద వేలు పెట్టి చూసుకుంటుంది. రోజంతా చదివితే నోరు పిడచకట్టుకుపోతుందని అంకెల మధ్య "పాయింట్" అనడం ఎప్పుడో మానేశారు. పాయింట్ ఉన్నచోట ఆమె పెన్నుతో టేబుల్ మీద టక్కుమని ఒక దెబ్బ కొడుతుంది. అంతే.

అక్కడ ఎవరైనా పాయింట్ వదిలేస్తే ఆ చుక్క ఊరికే పోదు. సాయంత్రానికి వాళ్ళ ఒంటిమీద పుట్టుమచ్చగా తేలుతుంది. తప్పు దిద్దితే రాలిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకి గుర్తింపు కార్డుతో పాటు చిన్న అద్దం కూడా ఇస్తారు. ఆమె గంటకోసారి చూసుకుంటుంది.

"అద్దం అరిగిపోతుందే అమ్మాయ్!" అంటుంది పెద్దావిడ.

ఆ రోజు మాత్రం చూసుకోలేదు. పొద్దున్నే చదువుతూండగా కొడుకు ఫోన్ చేశాడు, ఇంటి తాళం పడటం లేదని. పెన్ను వదిలి ఫోన్ అందుకుంది, చదవడం మాత్రం ఆపలేదు.

ఇంటికొచ్చాక కాలు నిలవలేదు. పొయ్యి కట్టేసిందో లేదోనని రెండుసార్లు చూసింది. పిల్లల నుదుళ్ళు తడిమింది.

"అమ్మా, గడ్డం మీద ఏంటది?" అన్నాడు కొడుకు.

తుడిచింది. పోలేదు.

"చుక్క వదిలేశావా?"

"తలుపేసుకో. చెల్లిని చూస్తూండు."

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయింది.

లేబుళ్ళ మెషీన్ నడిపేవాణ్ణి అందరూ గ్రీజు అంటారు. "ఇప్పుడొచ్చావేంటక్కా?" అనబోయి, ఆమె గడ్డం చూసి మెషీన్ ఆపేశాడు.

"ఏ మందు?"

"అదే తెలీదురా."

పెట్టెల వరసల వెంట ముఖం దగ్గరగా పెట్టుకుంటూ నడిచింది. పసిపిల్లల జ్వరం మందు దగ్గర మచ్చ చురుక్కుమంది. రెండున్నర మిల్లీలీటర్లు పట్టాల్సిన చోట ఇరవై అయిదని ఉంది. "రెండు, అయిదు" అని తను చదవడం గుర్తొచ్చింది. మధ్యలో దెబ్బ కొట్టాల్సిన చేతిలో ఫోన్ ఉంది.

గ్రీజు కొత్త లేబుళ్ళు తీశాడు. ఇద్దరూ కూర్చుని ఒక్కో సీసాకీ పాతది పీకి కొత్తది అంటించారు. ఆఖరి సీసా అయిపోయింది. ఆమె అద్దం తీసింది. మచ్చ చాలావరకు పోయింది గానీ, సూదిమొనంత నలుపు ఇంకా అంటుకునే ఉంది.

"ఒక సీసా బయటికెళ్ళింది," అంది. "ఎవరు తీశారు?"

గ్రీజు అప్పటికే జేబులోంచి ఫోన్ తీస్తున్నాడు. "నేనే అక్కా. పాపకి ఒళ్ళు కాలిపోతోందని మధ్యాహ్నం ఇంట్లో ఇచ్చొచ్చాను."

ఇంటికి ఫోన్ కలిపాడు.

"మందు పట్టావా?"

"పడుతున్నా. మీ కంపెనీవాళ్ళకి బుద్ధుందా? ఇంత మందు పసిది ఎలా మింగుతుంది?" అంది భార్య.

"పారబొయ్యి."

"అదేంటి?"

"పారబొయ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతా! ఫోన్ పెట్టెయ్యకు."

అవతల నీళ్ళు వదిలిన చప్పుడు. ఆ వెనకే, నోటిదాకా వచ్చిన తీపి ఏమైపోయిందని పాప ఏడుపు అందుకుంది. గ్రీజు ఫోన్ చెవి నుంచి తీసి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. ఏడుపు అంతకంతకూ పెరిగింది. ఊరుకోబెట్టమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.