జయమణి ఫొటో కింద మాట

వసుమతి నిఘంటువు మూసి, మళ్లీ తెరిచింది. పొద్దుట నుంచీ ఇదే తంతు. అద్దాల గదికి అవతల షెడ్డులో ఆడవాళ్లు ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. తలుపు ఎంత బిగించినా ఘాటు లోపలికి వస్తూనే ఉంటుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రాసుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

జగ్గయ్యపేటలో స్పానిష్ వచ్చిన మనిషి తనకు తెలిసినంతలో తనొక్కతే. హైదరాబాదులో నేర్చుకుని, అక్కడి కంపెనీ మూతపడ్డాక పుట్టింటికి చేరి, ఉపేంద్ర నడిపే మిర్చి ఎగుమతుల ఆఫీసులో కుదురుకుంది. స్పెయిన్ వెళ్లే ప్రతి మాటా ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. ఒక్క మాట కోసం పూటంతా కూర్చోగలదు. ఏం లాభం? ఆ కష్టం ఈ ఊళ్లో చదివేవాడేడీ? ఇన్నేళ్లలో బాగుందన్న పాపాన పోయినవాడు లేడు.

ఇప్పుడు అక్కడ కొనేవాళ్లకు కొత్త సరదా పుట్టింది. సంచి మీద పనిచేసే మనిషి ఫొటో వేసి, కింద ఆ మనిషి పనితనాన్ని ఒక్క మాటలో చెప్పాలట. ఎవరి ఫొటో అన్నది కూడా వాళ్లే చెప్పారు. మొన్న వీడియోలో షెడ్డంతా చూపిస్తే వాళ్ల కళ్లు ఆగింది జయమణి దగ్గరే.

వసుమతికి కడుపు మండిపోయింది.

జయమణి బక్కపలచటి మనిషి, అరవై దాటి ఉంటాయి. కాయను వేళ్లతో తడిమి, చిట్లకుండా, గింజ రాలకుండా తొడిమను మెల్లగా తిప్పి లాగుతుంది. మంట పుట్టకుండా మధ్యమధ్య పక్కనున్న ఆముదం గిన్నెలో వేళ్లు ముంచుకుంటుంది. ఆమె గంప దగ్గర ఆగి చూడనివాళ్లు లేరు. కాయ అయితే కంటికి కనిపిస్తుంది. మాట ఎవరికి కనిపిస్తుంది?

వసుమతి ముందు మూడు మాటలున్నాయి. కుయిదదోసా అంటే జాగ్రత్త గల మనిషి. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకునే ఎవరినైనా అనొచ్చు. మినుసియోసా అంటే ఏ చిన్నదీ విడిచిపెట్టకుండా చూసే మనిషి. ఎస్మెరాదా అంటే అలా చూడటమే కాదు, పనికి ప్రాణం పెట్టే మనిషి. సరైన మాట ఆ మూడోదేనని ఆమెకు మొదటి క్షణంలోనే తెలుసు. ఆ మాట తనను ఎవరైనా అంటారేమోనని ఇన్నాళ్లూ కాచుక్కూర్చుంది. ఇప్పుడు దాన్ని తన చేత్తోనే తీసుకెళ్లి జయమణికి కట్టబెట్టాలా?

కుయిదదోసా అని టైపు కొట్టి ఉపేంద్రకు పంపేసింది. అబద్ధమేం కాదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం పని వదిలేవేళకు జయమణి అద్దాల తలుపు దగ్గరికి వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. మిరపకాయల చేతులు దేనికీ తగలకుండా వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఏం రాశారమ్మా నా బొమ్మ కింద?"

"బాగా చేస్తావనే రాశాలే."

"మీరు రాస్తే బాగానే ఉంటదిలెండి. అద్దంలోంచి చూస్తానే ఉంటాగా. ఆ లావు పుస్తకం తీస్తారు, మూస్తారు, మళ్లీ తీస్తారు. మేం తొడిమ తీసినట్టే తీస్తారమ్మా మీరు మాటని. చిట్లనియ్యరు."

జయమణి ఇంకేదో చెప్పబోయి, దగ్గు తెర రావడంతో ఆగిపోయి, తల ఊపి వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయింది వసుమతి. లేచి ఉపేంద్ర గదిలోకి వెళ్లి, ఆ మాట మార్చాలని అడిగింది. విజయవాడలో అచ్చు మొదలైపోయిందన్నాడు. ఏ మాటైతే ఏముందన్నాడు. ఆమె ఎన్నడూ లేనిది గొంతు పెంచి, ఆపించమని పట్టుబట్టింది. అతను వింతగా చూశాడు.

"ఇప్పుడెలా ఆపుతాం వసుమతి గారూ? అయినా ఆవిడ చూడబోయిందా ఏంటి? ఇవాళ్టితో మానేసిందిగా. ఘాటు దగ్గరికే పోవద్దన్నాడంట డాక్టరు. మీకు చెప్పడానికే వచ్చిందనుకున్నా."

వసుమతి షెడ్డులోకి పరుగెత్తింది. జయమణి ఎక్కిన పెనుగంచిప్రోలు ఆటో అప్పుడే వెళ్లిందని ఎవరో చెప్పారు.

జయమణి కూర్చునే చోట గోనెపట్టా మడత పెట్టి ఉంది. దాని పక్కన ఆముదం గిన్నె, అంచు మీద జిడ్డు లేకుండా తుడిచి, దుమ్ము పడకుండా బాదం ఆకు కప్పి ఉంది.