జానెడు కుంగే బడి

నేను చెప్పబోయేది అబద్ధమనే మొనగాడు ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. ఇరవై ఊళ్ల పంచాయితీల్లో నా నోటికి ఎదురు నిలిచినవాడు ఇంకా పుట్టలేదు, అది గుర్తుపెట్టుకుని మరీ లేవండి.

ఆలూరు దగ్గర మా ఊరి బడికి నూటపదేళ్లు. తొమ్మిదింటికి ప్రార్థన, పదకొండుకు ఎక్కాలు, ఒంటిగంటకు అన్నం గంట. గంట కొట్టగానే బడి జానెడు కిందికి కుంగి కూర్చుంటుంది. అలసట. పిల్లలు తలలు వంచుకుని బయటికొస్తారు. తెల్లవారేసరికి మళ్లీ లేస్తుంది. కొత్త హెడ్మాస్టరు నాగజ్యోతి మేడమ్ మొదటిరోజు ద్వారబంధానికి నుదురు కొట్టుకుంది, రెండోరోజు నుంచి వంగడం నేర్చుకుంది.

ఈ ఏడు మాత్రం బడి పొద్దున కూడా సరిగా లేవడం లేదు. ఇంజనీరు వచ్చి చూశాడు.

"నెల గడువిస్తానమ్మా. మధ్యాహ్నం రెండింటికి వస్తా. అప్పుడు నిలబడి ఉంటే సరి. కూర్చొనుంటే కూలగొట్టాల్సిందే."

కూలిస్తే పిల్లలు వంక దాటి ఎనిమిది కిలోమీటర్లు పోవాలి. ఆడపిల్లల్లో సగం మంది చదువు మానేస్తారు. నాగజ్యోతి నేరుగా మేస్త్రీ దేవేంద్రప్ప ఇంటికి పోయింది. ఆరడుగుల మనిషి, డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి.

"నువ్వే రావాలప్పా."

"యాడికి మేడమ్? నేను మంచం దిగాలంటేనే నలుగుర్ని పిలవాల."

"బడి పోతాండాది."

ఆయన మంచంపట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"దానికి రోగం తగిలించింది నేనే. ముప్పై ఏండ్ల కిందట కాంట్రాక్టరు చెప్పినాడని గోడల సున్నపు గచ్చుమీద సిమెంటు పూసినా. గచ్చుగోడ ఊపిరి పీలుస్తాది మేడమ్. దాని ముక్కు మూసినా నేను."

మర్నాడు నలుగురూ కలిసి ఆయన్ను బడికి తెచ్చారు, గోడల సిమెంటు చెక్కుడు మొదలైంది. బడి వెనక ముళ్లకంపల్లో పూడిపోయిన, గచ్చు నూరే సున్నపు గానుగను తవ్వి తీశారు. తిప్పడానికి ఊళ్లో ఎద్దులు లేవు, అన్నీ ట్రాక్టర్లే. ట్రాక్టరు కడితే రాతిచక్రం పరుగెత్తి సున్నమంతా జనాల మొహాన చిమ్మింది.

"నిదానంగా నలగాలప్పా, పెండ్లికి పోతాండామా?" అన్నాడు దేవేంద్రప్ప. "మనిషి నడక చాలు."

నాకు ఎనిమిది ఎద్దుల సత్తువ ఉందని జిల్లా అంతా ఎరుగుదురు. ఆరోజు ఎందుకో మూడు చుట్లకే కూలబడ్డాను. ఊరంతా వంతులు వేసుకున్నా, అరిగిన మోకాళ్లతోనే కాడి వదలనిది దేవేంద్రప్ప ఒక్కడే. సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తూ ఇరవైయొక్క దినాలు తిరిగాడు. ఆ అడుగులన్నీ కలిపితే కాశీకి పోయి రావచ్చు. కాళ్లు నిలవనప్పుడల్లా గోడకు వీపు ఆనించేవాడు. ఆనిన చోట గోడ కాస్త నిటారయ్యేది. ఆయన లేవడానికి మాత్రం ముందుకంటే ఎక్కువసేపు పట్టేది.

గడువు రోజు రానే వచ్చింది. ఒంటిగంటకు ఒక నిమిషం ముందు చివరి తాపీ గచ్చు పూసి, దేవేంద్రప్ప గోడకు ఆనుకున్నాడు.

"ఇంగ నువ్వు నిలబడు. నేను కూర్చుంటా."

గంట మోగింది. బడి కదల్లేదు. దేవేంద్రప్ప మెల్లగా కిందికి జారాడు.

రెండింటికి ఇంజనీరు వచ్చి గడప నుంచి పైదాకా టేపు పెట్టి కొలిచాడు, కాగితం మీద సంతకం చేశాడు, పిల్లలతో సాంబారన్నం తిని పోయాడు.

నాగజ్యోతి చెయ్యిచ్చి దేవేంద్రప్పను లేపింది. నిన్నటిదాకా ఆమె తలెత్తి మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఆమె చెవిదాకా కూడా రాలేదు.

"నొప్పిగా ఉండాదా, పెద్దాయనా?"

"నొప్పి లేదు. ఎక్కాలు వినీ వినీ చెవులు గుయ్యిమంటాండాయి. కొంచేపు పడుకుంటా."

అప్పట్నుంచి ఒంటిగంట గంటకు బడి నిలబడే ఉంటుంది. ఆయన బడి అరుగు మీద పడుకుంటాడు. పిల్లలు ఆయన్ను దాటకుండా చుట్టూ తిరిగి అన్నానికి పోతారు.

ఏం, ఇంకా అనుమానమా? ఆలూరు బస్టాండు పక్కన దర్జీ ఉన్నాడు. దేవేంద్రప్ప జుబ్బాలన్నీ జానెడు జానెడు కత్తిరించి మళ్లీ కుట్టింది ఆయనే. పోయి అడగండి. పేరు సుందరం.