వానకు లోపలికి పిలిచినందుకు

పంకజం కోడలి సంచి సర్దుతోంది. చుడీదార్లు, తువ్వాలు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను. అడుగున పల్లవి తన పిల్లవాడి చొక్కా ఒకటి దాచుకుంది. పంకజం చూసీ చూడనట్టు దానిమీద దుప్పటి పరిచింది.

యానాం నుంచి తమిళ ఊళ్ళోని ఈ నెల్లితోపు పేటకు కోడలిగా వచ్చిన పల్లవి, డాక్టర్లు చెప్పిన రిపోర్టులను చెవులతో విని టైపు చేస్తుంది. ఆ సందులో ఇంటికో ఆడమనిషి అదే పని చేస్తోంది. నెట్ నెమ్మదిస్తే ఆ పూట లాగిన్ కానివ్వరు, కూలి ఉండదు. ఈమధ్య అన్నీ అలాంటి పూటలే. చెన్నై ఆఫీసుకు వచ్చి హాస్టల్లో ఉండి చెయ్యి, లేదా మానుకో అన్నారు పని ఇచ్చేవాళ్ళు. మొగుడు భువనేశ్‌కు తట్టాంచావడి వర్క్‌షాపులో పని ఉన్నరోజు ఉంది, లేనిరోజు లేదు. వెళ్ళక తప్పదు. పిల్లవాడు ఇంకా పాలు మరవలేదు.

ఆ సందుకు నెట్ కంపెనీ ఒక్కటే. ఖరీదైన ప్లానుకు మారేదాకా వేగాన్ని బిగబట్టడం దాని పద్ధతి. ఫిర్యాదు చేస్తే ఏరియా మేనేజరు రఘునాథన్ వస్తాడు. అతను గుమ్మంలో ఉన్నంతసేపూ నెట్ ఉరుకుతుంది. బాగానే ఉందని రాసుకుని అతను బండెక్కగానే మళ్ళీ చచ్చిపోతుంది.

"ఆయనుంటేనే నెట్ ఉంటాది. అట్లయితే ఆయన్నే ఉంచేసుకుందాం పెద్దమ్మా," అని ఎదురింటి లోకేశ్వరి నవ్వింది.

పంకజం భర్త బాలసుబ్రమణ్యం నవ్వలేదు. మూతపడ్డ బట్టల మిల్లులో యూనియన్ నడిపిన మనిషి. ఇప్పుడు గుండెకు మాత్రలు మింగుతూ అరుగు మీద కూర్చుంటాడు. ఆ సాయంత్రం సందునంతా తన వాకిట్లోకి పిలిచాడు.

"మిల్లులో వాళ్ళే కరెంటు తీసేసి, మగ్గం ఆగిందని మన కూలి కోసేవాళ్ళు. ఇదీ అదే. అప్పుడు మేనేజర్ని పోనియ్యకుండా చుట్టూ కూచున్నాం. చెయ్యి వెయ్యకూడదు, తిట్టకూడదు. ఆకలైతే మనం తినేదే పెట్టాల. దారి మాత్రం ఇయ్యకూడదు."

గవర్నమెంటు ఉద్యోగి ముకుందన్ ఒప్పుకోలేదు. కేసులవుతాయి, వినియోగదారుల కోర్టుకు పోదాం అన్నాడు.

"తీర్పు వచ్చేతలికి పల్లవి బిడ్డ కాలేజీకి పోతాడు మామా," అంది లోకేశ్వరి.

వాదన చాలాసేపు నడిచింది. ముకుందన్ లేచి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఉన్నారు. పల్లవి బస్సు శనివారం. శుక్రవారానికి రఘునాథన్ వచ్చేలా ఫిర్యాదు పెట్టారు.

వచ్చాడు. చూశాడు. వేగం బాగానే ఉందన్నాడు. వెనక్కి తిరిగేసరికి బండి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. బాలసుబ్రమణ్యం అతనికి వీధిలో కుర్చీ వేశాడు. వేగం తగ్గించబోమని మీ పైవాళ్ళ చేత చెప్పించి వెళ్ళండి అన్నాడు. రఘునాథన్ తమిళంలో అరిచాడు, బెదిరించాడు, చివరికి తానూ జీతగాడినేనని బతిమాలాడు.

"తెలుసు సార్. అందుకే కుర్చీ వేసినాం," అన్నాడు బాలసుబ్రమణ్యం.

తాను వెళ్ళి ఫిర్యాదు మూసేదాకా వేగం తగ్గించడం ఆఫీసు వల్ల కాదని అతని నోటే వచ్చింది. ఇక ఆ రోజంతా ప్రతి ఇంట్లోంచీ టైపు చప్పుడు వినబడింది. వంతులవారీగా పని, వంతులవారీగా వీధి. పల్లవి పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తన షిఫ్టు మొత్తం చేసింది. రఘునాథన్ పంకజం పెట్టిన సాంబారన్నం తిన్నాడు.

పొద్దు వాలేవేళ వాన దిగింది. ఎవరూ లేవలేదు. కుర్చీలో రఘునాథన్ వణుకుతున్నాడు. పంకజానికి ప్రాణం ఒప్పలేదు.

"లోపలికి రా నాయనా," అని చెయ్యి పట్టుకుంది.

"వద్దు పంకజం. మిల్లులో ఒకనాడూ లోపలికి తీసకపోలేదు," అన్నాడు బాలసుబ్రమణ్యం.

"జరమొస్తే వాళ్ళమ్మకి ఎవురు జవాబు చెప్తారు?"

అతనికి తువ్వాలు ఇచ్చింది. దారి ఇవ్వకూడదు కనుక ఆడవాళ్ళంతా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే పోలీసు బండి వచ్చింది.

ఎస్సై గుమ్మంలోంచి తొంగిచూశాడు. వీధిలో కూర్చుంటే ధర్నా, ఇంట్లో పెట్టి గుమ్మం మూస్తే నిర్బంధం అన్నాడు. లోపలికి పిలిచిందెవరని అడిగాడు. పంకజం నోరు తెరిచింది. బాలసుబ్రమణ్యం ఆమెను దాటి ముందుకు వచ్చాడు.

"ఇల్లు నాది. పిల్చింది నేనే."

రఘునాథన్ తువ్వాలు చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. నిజం చెప్పలేదు.

అతన్ని ఎక్కించుకున్న బండికి అడ్డంగా ఆడవాళ్ళు బురదలో కూర్చున్నారు. లాఠీలు లేచాయి. లోకేశ్వరి మణికట్టు విరిగింది. బండి కదిలింది. పల్లవి మామ గుండె మాత్రలు తీసుకుని స్టేషనుకు పరిగెత్తింది. పోలీసులు వాటిని తీసుకోలేదు, ఆమెను లోపలికి పోనివ్వలేదు. తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చుంది.

శనివారం ఆమె బస్సెక్కలేదు. ఆ సందులో ఎవరూ లాగిన్ కాలేదు. సారం అనే పేటలో ఉన్న నెట్ కంపెనీ ఆఫీసు ముందు కూర్చున్నారు. తట్టాంచావడి నుంచి భువనేశ్ తోటి పనివాళ్ళు వచ్చారు. తెలియని సందుల ఆడవాళ్ళు వచ్చారు, అందరి ఇళ్ళలోనూ అదే నెట్, అదే తంతు.

ఆదివారం బాలసుబ్రమణ్యం శవాన్ని ప్రభుత్వాసుపత్రి నుంచి నేరుగా అక్కడికే మోసుకొచ్చారు. ఆఫీసు షట్టరు దించేశారు. పోలీసులు వరస కట్టారు. ముకుందన్ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పంకజం ఏడవలేదు. మైకు అడిగి తీసుకుంది.

"ఆ మేనేజర్ని లోపలికి పిల్చింది నేను. రాసుకోండి. నన్నూ తీసకపోండి. తీసకపోయేదాకా ఈడనే ఉంటాం."

ఎవరూ లేవలేదు.

బాలసుబ్రమణ్యం శుక్రవారం సాయంత్రం పోలీసు బండి ఎక్కాడు. ఆదివారం పొద్దు పొడవకముందే చనిపోయాడు. మళ్ళీ ఇంటికి రాలేదు.