పద్మిని అప్పడాలు ఏమన్నాయంటే

పద్మిని తెల్లవారగానే పిండి దంచుతుంది. మినప్పిండిలో మిరియాలు, జీలకర్ర వేసి, పిండి సాగేదాకా దంచి, ఎండ ముదిరేలోపు పీట మీద వత్తి, డాబా మీద పాత చీరలు పరిచి ఆరేస్తుంది. భర్త పోయాక తొమ్మిదేళ్ళుగా ఇదే పని. బరంపురంలో అప్పడాలు చేసేవాళ్ళు వీధికి నలుగురున్నా, ఆమెవి పక్క ఊరు రంభ దాకా వెళ్తాయి. అంత పల్చగా వత్తడం అత్తగారు నేర్పారు. అమ్మే సరుకు ఇంట్లో వేయించకూడదని కూడా ఆవిడే చెప్పారు. అందుకని విరిగిన అప్పడాలన్నీ పక్కింటి కూర్మమ్మకే పోతాయి.

వత్తేవాళ్ళ మనసులో ఉన్నది అప్పడంలోకి దిగుతుంది. నూనెలో పొంగేటప్పుడు అప్పడం ఆ మాట ఒక్కసారి పైకి అంటుంది. ఊళ్ళో అందరికీ తెలిసిందే. బజారు వీధిలో ఒకావిడ ఉండేది, ఆవిడ అప్పడాలు కోడలి వంటను తిట్టేవి. ఆ కోడలే వాటిని వేయించి అత్తకు వడ్డించేది. ఇద్దరూ చక్కగా తినేవారు. పోయిందిలెండి పాపం, మంచి చేయి. తిన్నవాళ్ళు రుచి గురించి చెబుతారుగాని మాట గురించి ఎత్తరు. ఎత్తితే మర్యాద కాదు.

ఆ సోమవారం రంభ నుంచి చెల్లెలు గాయత్రి మెసేజ్ పెట్టింది. తనకి గుండె ఆపరేషన్ అట, బుధవారం పొద్దున్నే భువనేశ్వర్ తీసుకెళ్తారట. చివర్న ఒక ముక్క: 'పని మానుకుని రానక్కర్లేదు.'

పద్మిని దాన్ని పదిసార్లు చదివింది. గాయత్రి ఫోన్ చేసి ఏడాదైంది. ఆ ఏడాదిగా పద్మినికి సరిగ్గా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు.

విరిగిన అప్పడాల కోసం వచ్చిన కూర్మమ్మ సంగతి విని నిలబడిపోయింది.

"ఏటే, ఎల్లవా? సెల్లెలి గుండె కోస్తారంటే ఇక్కడ కూకుని పిండి దంచుతావా?"

"రావద్దని రాసింది కదా పిన్నీ. నేనంటే లెక్కలేదు దానికి."

కూర్మమ్మ ఇంటికెళ్ళి, ఏ రోజు విరిగినవి ఆ రోజుకి విడిగా దాచిన నాలుగు డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చింది.

"మరియాదని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. మూకుడెట్టు."

మొదటి డబ్బాలోవి కొట్టు శ్యామ్ పలకరించకుండా సరుకు తీసుకెళ్ళిన రోజువి. అప్పడం పొంగి, పద్మిని గొంతుతోనే అంది: "నేనంటే లెక్కలేదు." రెండోవి వీధి చివరి వాసవీకుమారి ఇంటి పెళ్ళిపిలుపు ఒకరోజు ఆలస్యంగా వచ్చినప్పటివి. అదే మాట. మూడోవి గాయత్రి ఫోన్ మధ్యలో పెట్టేసిన నాటివి. అదే మాట.

నాలుగోది వేసి కూర్మమ్మ అంది, "ఇయి వానకి సరుకు తడిసిపోతే మళ్ళీ వత్తినయి. గుర్తుందా?"

"నేనంటే లెక్కలేదు," అంది అప్పడం.

"వానకి కూడానేటే!" కూర్మమ్మ పకపకా నవ్వింది.

పద్మినికి నవ్వు రాలేదు. ఆ నాలుగు రోజులూ ఒకదానికొకటి పోలికలేని రోజులు. తీర్పు మాత్రం ఒకటే, విచారణకు ముందే రాసిపెట్టినట్టు. మళ్ళీ ఫోన్ తీసి చూసింది. 'రానక్కర్లేదు' అని ఉంది. 'రావద్దు' అని లేదు.

మర్నాడు పొద్దున వత్తినవి మధ్యాహ్నానికి ఆరాయి. ఒక కట్ట సంచిలో వేసుకుని రంభ బస్సెక్కింది. దారంతా పాత మాటే నోటిదాకా వచ్చింది. వచ్చినప్పుడల్లా, ఇది వాన రోజు మాట కదూ అని ఆగింది.

గాయత్రి గుమ్మంలోనే ఉంది, సగానికి సగమైపోయి. అక్కను చూసి లేవబోయి కూర్చుండిపోయింది.

"మేం నీ అప్పడాలే కొంటామక్కా," అంది. "ఏడాదైంది, ఒకటే మాటంటన్నాయి. నన్నే అంటన్నావనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని ఫోన్ సెయ్యను? ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను?"

పద్మిని చెల్లెలి పక్కన కూర్చుంది. సంచిలోంచి కట్ట తీసి ఇచ్చింది.

గాయత్రి పొయ్యి వెలిగించింది.

"నీకు నూనె వద్దనలేదా డాక్టరు?"

"తినడానిక్కాదు. ఇనడానికి."

అప్పడం మూకుట్లో పడింది. అంచులు లేచాయి. ఇద్దరూ మూకుడు మీదికి వంగారు.

"భయంగా ఉందే గాయత్రీ," అంది అప్పడం.

గాయత్రి పొయ్యి ఆర్పేసింది. అప్పడం తీసి అక్క చేతిలో పెట్టింది.

"నాకూ భయమేనక్కా. రేపు నాతో రా."