వాపసు వచ్చిన రంగులు

పొద్దున్నే కొట్టు షట్టర్ ఎత్తగానే నా మొదటి పని మెషీన్ ముక్కు తుడవడం. రంగులు కలిపే మెషీన్ అది. తెల్లరంగు డబ్బా కింద పెడితే పైన గొట్టంలోంచి చుక్కచుక్కగా రంగు పడుతుంది. రాత్రికి ఆ గొట్టం కొసన రంగు ఎండి గడ్డకడుతుంది. తడి స్పాంజితో తుడవకపోతే పడాల్సిన చుక్క పడదు. ఇంట్లో పిల్లల ముక్కులు తుడిచి, వాళ్ల బాక్సులు సర్ది, అత్తయ్యకు మాత్రలిచ్చి, ఇక్కడికొచ్చి దీని ముక్కు తుడుస్తాను. అక్కడ చేసేదీ లెక్కలోకి రాదు, ఇక్కడ చేసేదీ రాదు. “ఇంట్లో తోచక వస్తుందండీ” అని మా ఆయన వచ్చినవాళ్లతో అంటాడు.

తడి రంగును నమ్మకూడదు. డబ్బాలో ఒకలా ఉంటుంది, గోడమీద ఆరాక ముదురుతుంది. అందుకే కార్డుముక్క మీద కాస్త పూసి, జుట్టు ఆరబెట్టుకునే మెషీన్‌తో ఆరబెట్టి, కొనేవాళ్లకు నచ్చిన రంగు పక్కన పెట్టి చూసి, అప్పుడు మూత బిగిస్తాను. మధ్యాహ్నం నేను వంటకు ఇంటికెళ్లినప్పుడు మా ఆయన కలుపుతాడు. ఆయనకు ఆరబెట్టే ఓపిక లేదు. వేలు ముంచి, చూసి, “అచ్చు గుద్దినట్టుంది” అంటాడు. మూడోనాడు డబ్బా వెనక్కి వస్తుంది.

అప్పుడు కౌంటర్ మీద మోచేతులు ఆనించి నవ్వుతాడు. “మా ఆవిడ కలిపిందండీ. ఏమనుకోకండి.”

కొన్నవాళ్లు నా వంక చూస్తారు. ఒకసారి నేను నోరు తెరిచాను. ఇంటికొచ్చాక, “నలుగురిలో నా పరువు తీస్తావా? నీదేం పోయింది, నువ్వెవరో ఎవడికి తెలుసు?” అన్నాడు. మళ్లీ తెరవలేదు.

వాపసు వచ్చిన రంగును మా ఇంట్లో పారేయరు. మామగారి కాలం నుంచీ అంతే, సొంత గోడలకు వేస్తారు. వంటగదికి డాక్టరమ్మ వద్దన్న ఆకుపచ్చ. హాల్లో ఒక గోడకు హెడ్‌మిస్ట్రెస్ వద్దన్న నారింజ. పడకగదికి కొత్తగా పెళ్లయినవాళ్లు వద్దన్న ఊదా. వాళ్లు ఒక్కపూట కూడా భరించలేని రంగు కింద నేను ఏళ్ల తరబడి పడుకుంటున్నాను. ఊరందరికీ “ఏ రంగు కావాలమ్మా?” అని అడుగుతాను. నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు.

నిన్న రంగుల కంపెనీ ఆఫీసరు వచ్చాడు. కొట్టు చూసి, టీ తాగడానికి ఇంటికొచ్చాడు. మార్కెట్ ఎలా ఉందని అడిగాడు. మా ఆయన సోఫాలో వెనక్కి వాలి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

“సున్నాలు, డిస్టెంపర్లు పోయాయి సార్. ఇప్పుడందరికీ వాసన రానిది కావాలి. పిల్లలు గీసినా తుడిస్తే పోయేది కావాలి. డాబా మీద వేడి ఆపే పూత అడుగుతున్నారు. అన్నిటికంటే పెద్ద మార్పేంటో తెలుసా? ఎంచుకునేది ఆడవాళ్లు. మగాడు వెనక నిలబడి తలూపుతాడు.”

అవన్నీ నేను చెప్పినవే. కంచం ముందు కూర్చుని నమిలినవాటిని అక్కడ ఒప్పజెబుతున్నాడు.

“ఎదురు కొట్టాయన కూడా మెషీన్ కొన్నాడటగా?” అన్నాడు ఆఫీసరు.

“కొన్నాడు సార్, కలిపే మనిషి లేడు. ‘మనిషి కావాలి’ అని అద్దానికి కాగితం అంటించుకుని కూర్చున్నాడు. పాపం, ఈగలకు రంగులు చూపిస్తున్నాడు.”

ఆఫీసరు నవ్వి అసలు సంగతి చెప్పాడు. మా కొట్లో కంపెనీ ఒక రంగుల గది కట్టిస్తుందట. అక్కడ కూర్చుని సలహా చెప్పే మనిషికి జీతం కంపెనీదే. తలుపు మీద పేరు కూడా ఉంటుంది. “ఆడవాళ్లయితే బాగుంటుందని మా ఆలోచన. మేడమ్ కొట్లోనే ఉంటారుగా?”

నేను టీ ట్రే బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డాను.

“ఈవిడా?” అన్నాడు మా ఆయన. “ఒక్కసారి మా గోడలు చూడండి సార్.”

ఆఫీసరు ఆకుపచ్చ చూశాడు, నారింజ చూశాడు. అత్తయ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “అన్నీ మా కోడలి ప్రతాపాలే బాబూ.”

“మా తమ్ముడున్నాడు సార్. చురుకైనవాడు.”

మరిది నిన్నమొన్నటిదాకా టైర్ల కొట్లో ఉన్నాడు. వాడికి తెలిసిన రంగు నలుపొక్కటే. వాడు మూల కుర్చీలోంచి లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. ఆఫీసరు వాడి పేరు రాసుకున్నాడు.

అందరూ వెళ్లాక కప్పులు కడుగుతూ అడిగాను. “అత్తయ్యా, ఆ నారింజ డబ్బా కలిపిన మధ్యాహ్నం నేనెక్కడున్నాను?”

“ఎక్కడుంటావు? ఇక్కడే. నాకు వడ్డిస్తున్నావు.”

“ఆకుపచ్చప్పుడు?”

“అప్పుడూ ఇక్కడే.”

“మరి ఆఫీసరు ముందు అలా అన్నారేం?”

ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఏమీ తెలియని పిల్లను చూసినట్టు. “వాడి తప్పని తెలిస్తే కొట్టు పోతుందే. నీదంటే ఏం పోతుంది?”

ఆవిడకు అన్నీ తెలుసు. మొదటినుంచీ తెలుసు. కోపం ఆయన మీద వచ్చింది, ఆవిడ మీద వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ ఆ గోడల మీద వచ్చింది. ఇన్నాళ్లూ నా మీద సాక్ష్యం చెబుతున్నాయవి. నేనే వాటి దుమ్ము దులుపుతున్నాను.

భోజనాల దగ్గర మా ఆయన హుషారుగా ఉన్నాడు. “రేపట్నుంచి వాడికి నేర్పు. నువ్వు వెనకాల నిలబడి ఏ రంగు ఎన్ని చుక్కలో చెబుతుండు. సార్ వచ్చినప్పుడు మాత్రం కనబడకు.”

“వదినా, నేను మొద్దును. నెమ్మదిగా చెప్పాలి” అన్నాడు మరిది, రెండోసారి వడ్డించుకుంటూ.

ఈ పొద్దున షట్టర్ ఎత్తాను. స్పాంజి తడిపాను. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తర్వాత దాన్ని కౌంటర్ మీద పెట్టి, రోడ్డు దాటాను.

ఎదురు కొట్టు పెద్దాయన నన్ను చూసి కంగారుగా లేచాడు. మెషీన్‌కు కట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. అద్దం మీద కాగితం ఎండకు వెలిసిపోయింది.

“రామ్మా, కూర్చో. ఏ రంగు కావాలమ్మా?”

కుర్చీలో కూర్చున్నాను.

“రంగు కోసం కాదండీ. ఆ కాగితం చూసి వచ్చాను.”

ఆయన రోడ్డవతల మా కొట్టు వంక చూశాడు. మా ఆయన గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూస్తూ, “ఏమేవ్, ఎక్కడ చచ్చావ్?” అని అరుస్తున్నాడు.

“జీతం ఎంత అనుకుంటున్నావమ్మా?” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

“ఊళ్లో ఇచ్చేదే ఇవ్వండి. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. నేను కలిపిన ప్రతి డబ్బా మూత మీదా నా పేరు రాస్తాను. నేను కలపనిదాని మీద ఎవరు చెప్పినా రాయను.”