ఆఖరి స్కూలు

జ్యోతిరాణి పాత కంప్యూటర్ మెమరీ ముక్క పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతూ ఉంది. మెరుపు తేలేదాకా రుద్ది, నోటితో ఊది, దాని చోట్లో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్కుమంది. బోధన్ అవతల, చెరకు తోటలు సగానికి సగం వరిమళ్లయిపోయిన ఒక ఊరి హైస్కూలది. నిన్నటిదాకా విరిగిన బెంచీలు పడేసిన గదిలో ఇప్పుడు గోడ వెంట పాత కంప్యూటర్లు వరుసగా ఉన్నాయి, ఏదో ఆఫీసు వాళ్లు వద్దనుకున్నవి. మూలన కాస్త పెద్ద పెట్టె. అది సర్వర్. పాఠాలూ బొమ్మలూ వీడియోలూ అన్నీ అందులోనే ఉంటాయి, మిగతావి దాని మీద బతుకుతాయి. అందులో వేసే సిస్టం లోకంలో ఎవరెవరో రాసి ఊరికే ఇచ్చింది, ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ఊరికే వచ్చేదాని మీద మనవాళ్లకు గురి తక్కువ. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

నలభై దాటిన మనిషి. బక్కపల్చని వొళ్లు, సంచి పట్టీ ఒరుసుకుని భుజం మీద నల్లబడ్డ చార, ఎప్పుడూ విరిగే ఉండే బొటనవేలి గోరు. కొంగు నడుముకు దోపుకుని బల్ల కింద దూరితే జుట్టు నిండా బూజుతో బయటికి వస్తుంది. బాపు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. కంప్యూటర్ నేర్చుకుంటే బిడ్డ నీడపట్టున కూర్చుంటుందని నిజామాబాద్ పంపి చదివించాడు. నీడపట్టు మాట నిజమే గానీ, ఎన్నాళ్లో ఆయనకూ తెలియదు. స్కూళ్లలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ చెప్పింది, ఆ పథకం ఆగిపోయింది. జిరాక్స్ షాపులో కూర్చుంది, షాపు మూసేశారు. ఆ తర్వాత, పాత కంప్యూటర్లు బాగుచేసి స్కూళ్లలో పెట్టే ఈ సంస్థ. ఎక్కడా ఎవరూ ఆమెను పొమ్మనలేదు, పనే కింద నుంచి జారిపోయేది. మొదటిసారి ఏడ్చింది. తర్వాత ఏడుపు రాలేదు, రానందుకు ఆశ్చర్యమూ వేయలేదు.

పొద్దున బస్సులో ఉండగా ఆఫీసు నుంచి అనిల్‌కుమార్ ఫోన్ చేశాడు. ఆమెకన్నా చిన్నవాడు, మంచివాడే.

"అక్కా, ఊర్లకు ఫైబర్ లైను వచ్చింది గద. ఇగ అన్ని స్కూళ్ల సర్వర్లు ఈడ కూసొనే సూస్తరట. తిరిగేటోళ్లు వద్దంటున్నరు. సాయంత్రం మీటింగుల తేలుస్తరు."

"గట్లనా."

"ఒక్క స్కూలోళ్లన్న నీకు ఫోన్ జేసి రమ్మంటె, జ్యోతక్క లేకుంటె నడ్వది అని నేను గట్టిగ చెప్త. పంపుసెట్లు బాగుజేసేటోళ్లను సూడు, ఓ బోల్టు వదులుగనే ఇడ్శిపోతరు. మల్ల పిలుస్తరు."

ఆమె కాదనకుండా ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు పని అయిపోయింది. ఒక్కో తెరా వెలిగించి చూసింది. పాఠం తెరుచుకుంది, గుండె బొమ్మ కొట్టుకుంది, తెలుగు అక్షరాలు విరగకుండా వచ్చాయి. హెడ్మాస్టర్ ఆత్మారాం సార్ గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని చూశాడు. పెళ్లివారింట్లో కొత్త మనిషిలా లోపలికి రావడానికి వెనకాడుతున్నాడు.

"పగటి భోజనం అయినంక టెన్త్ పిల్లలను కూసోబెడ్తం మేడం. ఇయ్యాల్నే షురు. మీరు గూడ జర ఆగుండ్రి, తిని పోదురు."

"సరే సార్."

ఆయన వెళ్లాడు. జ్యోతిరాణి మూలకు పోయి వంగింది. సర్వర్ నుంచి మిగతావాటికి పోయే నీలం వైరు కొసను పట్టుకుని, చూసేవాళ్లకు బిగించినట్టే కనబడేంత, వెనక్కి లాగింది. వరుసలో తెరలన్నీ ఆగిపోయాయి. ఇన్నేళ్లలో ఆమె అలాంటి పని చేయలేదు.

అన్నీ ఆపేసి, సంచి భుజాన వేసుకుని, వరండాలో ఆత్మారాం సార్‌కు నంబరు రాసిచ్చింది. "బస్సున్నది సార్, పోత. ఏమన్న అయితె ఫోన్ జెయ్యుండ్రి, ఎంబడే వస్త." ఆయన ఏదో అనబోతుంటే ఆగకుండా గేటు దాటింది.

రోడ్డు మీది బస్ షెల్టర్‌లో కూర్చుంది. అక్కణ్ణించి స్కూలు గోడ కనిపిస్తుంది. భోజనం గంట మోగింది, పిల్లల పళ్లాల చప్పుడు, మళ్లీ గంట. నిజామాబాద్ బస్సు వచ్చి ఆగింది, కండక్టర్ రమ్మని చేయి ఊపాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. ఫోన్ సౌండు పెద్దగా ఉందో లేదో చూసుకుంది. ఒకసారి మోగింది. ఆమె భర్త నరేందర్, కూరగాయలు తెస్తావా అని. తెస్తానంది.

పొద్దు వాలింది, ఇంటి గంట మోగి పిల్లలు వెళ్లిపోయారు. టెన్త్ పిల్లలు ఆగిపోయిన తెరల ముందు కూర్చుని లేచి ఉంటారు. సారు అటూ ఇటూ నొక్కి, ఊరికే వచ్చింది గిట్లనే ఉంటదని అని ఉంటాడు. అప్పుడు సిగ్గేసింది. చెవులు కాలేంత సిగ్గు. చాలా ఏళ్ల తర్వాత ఏదో ఒకటి అనిపించింది ఆమెకు. ఉద్యోగం పోతే పోయిందని లేచి, గబగబా వెనక్కి నడిచింది.

స్కూల్లో ఎవరూ లేరు. వంట చేసే తారాబాయి నల్లా దగ్గర గంజులు తోముతోంది. కంప్యూటర్ గదికి తాళం.

"అవ్వా, టెన్త్ పిల్లలు కూసోలేదా?"

"ఏడ మేడం. గ్రౌండుల ఆడుకున్నరు. గింత మంచిగ జేసి పోయిండ్రు, మీరు లేనప్పుడు పిల్లలు ముట్టుకుంటె ఖరాబైతదని సార్‌కు భయం. పెద్దసార్లు సూడనీకె వచ్చినప్పుడే తీస్తడట."

"తాళం చెవి?"

"సార్ జేబులనే ఉన్నది. ఆయన బండి మీద ఎనక తొవ్వల నిజామాబాద్ పాయె."

ఫోన్‌లో అనిల్‌కుమార్ మెసేజ్ వచ్చింది. ఫోన్ ఏమన్న వచ్చిందా అక్కా, మీటింగ్ మొదలైతుంది. లేదు, అని కొట్టి పంపింది. కాసేపటికి, సరే అక్కా, అని వచ్చింది. ఆత్మారాం సార్ నంబరు తీసి చూసింది. చేయకుండానే ఫోన్ సంచిలో వేసుకుంది. సిగ్గు కూడా పోయింది, ఎప్పటి మనిషి అయిపోయింది.

"మీరు జర ఆగకపోతిరి మేడం," అంది తారాబాయి, గంజు బోర్లిస్తూ. "పిల్లల ముంగట మీకు కప్పుదామని సార్ బోధన్ నుంచి శాలువ తెప్పిచ్చిండు."

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. జ్యోతిరాణి కిటికీ ఊచల్లోంచి ఒకసారి లోపలికి చూసి, పోయొస్తనవ్వా అని గేటు వైపు నడిచింది.

మూలన పెట్టె మీద, దుమ్ము పడకుండా, నాలుగు పక్కలా సమంగా జారవిడిచి, ఎర్ర శాలువా కప్పి ఉంది. జరీ అంచుకు షాపువాడి చీటీ ఇంకా గుండుసూదితోనే ఉంది.