అత్త తరఫు మాట

పొద్దున్నే లాండ్రీ తలుపు తీసేది అత్తే. బాయిలరు వెలిగించి, అది వేడెక్కేలోగా దేవుడికో దణ్ణం పెట్టుకుని, ఆరిన బట్టలన్నీ చీటీల ప్రకారం వేరు చేసేది. ఇస్త్రీ మేస్త్రి వచ్చేసరికి వెనక గదిలో తన బల్ల ముందు కూర్చునేది. ఆమెది రఫ్ఫు పని. కోటుకో శాలువాకో చిరుగు పడితే, ఆ బట్ట లోపలి మడతలోంచే దారం లాగి, పోగు పోగుగా అల్లి, అసలక్కడ చిరుగే లేదన్నట్టు చేసేది. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారూ వదినా పోయాక వాళ్ళ ముగ్గురు పిల్లల్నీ పెంచి పెద్ద చేసింది. పిల్లలు అత్తా అంటుంటే విని, ఇస్త్రీ మేస్త్రీ, బట్టలిచ్చేవాళ్ళూ, వీధిలోవాళ్ళూ కూడా అత్తా అనే అలవాటు పడ్డారు.

ముందు గదిలో చాలా ఏళ్ళు గడియారాలు బాగుచేసే ఆయన అద్దెకున్నాడు. ఆయన ఈమధ్యే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. వీధివైపు గోడంతా కిటికీయే ఆ గదికి. ఖాళీ అయిన రోజు నుంచీ మధ్యాహ్నం పూట అత్త ఏదో ఒక వంకతో అందులోకి వెళ్ళేది. బూజు దులపాలనేది, నేల తుడవాలనేది. చేతిలో చూస్తే చీపురు ఉండేది కాదు, ఎవరిదో నల్లకోటు ఉండేది. వెనక గదిలో ట్యూబులైటు కింద నల్లబట్ట మీద నల్లదారం కొన్నాళ్ళుగా ఆమెకి ఆనడం లేదు. వేళ్ళకి తగిలినదాన్ని బట్టి అల్లుకుపోతోంది. ఇలాగే ఉంటే సూది కింద పెట్టేయడమే. సూది లేకపోతే తను ఎవరో, రోజంతా ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. ఆ భయం దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెద్ద మేనల్లుడి భార్య, పెద్దకోడలు ఒక్కతే విసుక్కునేది. "ఆ గది తలుపు మూయండత్తయ్యా! వీధిలో దుమ్మంతా ఉతికిన బట్టల మీదే. మళ్ళీ ఉతికేది మీరా, నేనా?"

"మూస్తాలేమ్మా, ప్రాణం తీయకు."

ఆ గది మీద పిల్లలు ముగ్గురికీ కన్నుంది. మందుల షాపువాళ్ళు అడుగుతున్నారు, అద్దెకిద్దామన్నాడు పెద్దాడు. డ్రైక్లీనింగు మిషను తెచ్చి పెడదామన్నాడు చిన్నాడు. పక్కవీధిలో కాపురం ఉంటున్న వాళ్ళ చెల్లెలు, కుట్టుమిషను తెచ్చుకుని షాపు పెట్టుకుంటానంది. మొదట గుసగుసలు, తర్వాత అలకలు. అన్నం దగ్గర ఒకళ్ళు ఉప్పందుకోమంటే ఇంకొకళ్ళు వినబడనట్టు ఊరుకునేదాకా వచ్చింది. "ఆదివారం కూర్చుందాం," అంది అత్త.

ఆ ఇంట్లో కూర్చోవడానికో పద్ధతుంది. ఎవరి మాట వాళ్ళు చెప్పుకోకూడదు, ఒకరి మాట ఇంకొకరు చెప్పాలి. చెప్పేవాళ్ళు అవతలివాళ్ళ మనసుని ఉన్నదున్నట్టు పట్టుకుంటే, మాట అవతలివాళ్ళ గొంతుతోనే వస్తుంది. సొంత కోరిక ఏ కాస్త కలిపినా సొంత గొంతే వస్తుంది. తాతల నాటినుంచీ అంతే. ఎవరు ఎవరి తరఫున మాట్లాడాలో అత్త చెప్పేది. ఆమెకి కూడా ఒక తరఫు ఉంటుందని ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు.

ఆదివారం బట్టలు మడతపెట్టే పొడుగుబల్ల చుట్టూ చేరారు. ఇస్త్రీ మేస్త్రి తన మానాన తను మూలన చొక్కాలు చేసుకుంటున్నాడు.

"పెద్దాడా, నువ్వు తమ్ముడి మాట చెప్పు."

"వాడికేముందత్తా, ఇవాళ మిషనంటాడు, రేపు విమానమంటాడు."

"అది నీ గొంతే అన్నయ్యా," అంది చెల్లెలు.

"తెలుసు లేవే."

పెద్దాడు తమ్ముడి మొహంకేసి కాసేపు చూశాడు. మళ్ళీ నోరు తెరిస్తే చిన్నాడి గొంతు వచ్చింది, సన్నగా, హడావిడిగా. "నేను పుట్టినప్పుడు ఈ షాపులో ఏది ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. ఇది నేను తెచ్చానని చూపించుకోవడానికి ఒక్కటుండాలి కదా."

చిన్నాడు తల దించుకున్నాడు. ఇస్త్రీ మేస్త్రి కాలరు తిరగేసి నీళ్ళు చల్లుకున్నాడు.

చెల్లెలి వంతు వచ్చింది. ఆమె నోట పెద్దాడి బొంగురు గొంతు పలికింది. "బేరం లేని నెలొస్తే ఏం చేయాలా అనుకుంటూ పడుకుంటాను, అదే అనుకుంటూ లేస్తాను. అద్దె వస్తుందంటే కంటి నిండా నిద్రపోతాను." ఇంకో రోజయితే ఆ గొంతుకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

చిన్నాడి నోట చెల్లెలి గొంతు వచ్చింది. "మా అత్తవారింట్లో నా కుట్టుమిషను మంచం కింద ఉంటుంది. మామగారు బయటికెళ్ళాక బయటికి లాగాలి, చెప్పుల చప్పుడు వినబడితే లోపలికి తోసేయాలి. నేనూ సగం మంచం కిందే ఉన్నట్టుంటుంది."

"ఎప్పుడు విన్నావన్నయ్యా ఇదంతా?" అంది చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు చెబితే కదా వినడానికి. నీ మొహం చూసి అన్నాను."

ముగ్గురిదీ న్యాయంగానే ఉంది. అదే వచ్చిన చిక్కు. గది ఒక్కటే.

పెద్దకోడలు టీ కప్పులు పట్టుకొచ్చి బల్ల చివర నిలబడింది. "మరి అత్తయ్య తరఫున ఎవరు మాట్లాడతారు?"

"నాకేం కావాలమ్మా," అంది అత్త. "మీరంతా చల్లగా ఉంటే అదే చాలు."

ఆ మాట ఆమె గొంతుతో రాలేదు. ఎప్పుడో కన్నుమూసిన తన తల్లి గొంతుతో వచ్చింది, కాస్త జీరగా, చివర ఊపిరి ఎగబీల్చినట్టు.

"నానమ్మ!" అన్నాడు చిన్నాడు మురిపెంగా. "ఎన్నాళ్ళయింది విని!"

పెద్దాడు మాత్రం ముందుకు వంగాడు. "అది నానమ్మ మాటత్తా. నీ మాట చెప్పు."

అత్త నోరు తెరిచింది. ఈసారి ఏ గొంతూ రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

"అత్తకి వెనక గదంటేనే ఇష్టం, అలవాటైపోయింది," అన్నాడు పెద్దాడు. సొంత గొంతే.

"కొత్త మిషనొస్తే అత్తకి పని తగ్గుతుంది," అన్నాడు చిన్నాడు. సొంత గొంతే.

"అత్తకి నేను దగ్గరుంటే..." అని మొదలుపెట్టిన చెల్లెలు, తన గొంతు తనకే వినబడి మధ్యలోనే ఆగిపోయింది.

ఎత్తుకుని పెంచిన మనిషి తరఫున ఒక్క మాట కూడా సరిగ్గా రావడం లేదు వాళ్ళకి.

అప్పుడు బల్ల చివరనుంచి అత్త గొంతు వినబడింది. మాట్లాడుతున్నది పెద్దకోడలు.

"నాకా కిటికీ కావాలి. వెనక గదిలో నల్లబట్ట మీద నల్లదారం కనబడడం లేదు. కనబడడం లేదంటే పని మానేసి కూర్చోమంటారు. కూర్చుంటే నేనేమైపోతాను? మీ ముగ్గురి మాటా విన్నాను, ముగ్గురి మీదా జాలేసింది. అయినా సరే, నాకు కావాలి."

అత్త తన గొంతుని బయటినుంచి వినడం అదే మొదలు. అందులో ఇంత కోపం ఉందని ఆమె అనుకోలేదు. మొహం ఎర్రబడింది. భగవంతుడా, ఎంత మాటన్నాను అనుకుంది. అన్నది తను కాదని గుర్తొచ్చినా, ఆ మాట తనది కాదనుకోలేకపోయింది.

"నీకెలా తెలుసే?" అన్నాడు పెద్దాడు భార్యతో.

"దెబ్బలాడడానికి రోజూ చూసేదాన్నిగా! ఈవిడ తలుపు ఎందుకు తీస్తారా, కోటెందుకు పట్టుకెళ్తారా అని," అంది ఆమె. ఇప్పుడు తన గొంతే.

మిషను వెనక గదిలో పెట్టుకుంటానని చివరికి చిన్నాడన్నాడు. నీళ్ళ పైపు ఎలాగూ అటే ఉంది. కాకపోతే వీధిలోవాళ్ళకి కనబడదు. అద్దె పోయినట్టే అనుకున్న పెద్దాడు, ఒళ్ళో చేతులు పెట్టుకుని, "సరే," అన్నాడు. ఆ సరేలో సంతోషం ఏమంత లేదు.

చెల్లెలు మటుకు లేచి సంచి తీసుకుంది. "నాకు తెలుసు, నాకు దొరకదని. ఉండనీ. నా మిషను ఉన్నచోటే ఉంటుంది."

నువ్వే తీసుకో తల్లీ, నాదేముంది అన్న మాట అత్త గొంతులోకి వచ్చేసింది. అమ్మ జీర నాలిక చివర తగిలింది కూడా. ఆమె పెదాలు బిగబట్టి దాన్ని మింగింది. మింగడానికి చాలాసేపు పట్టింది.

"కిటికీ వెడల్పే," అంది. గొంతు బొంగురుపోయింది, మధ్యలో విరిగింది, కానీ ఆమెదే. "నీ మిషను అవతలి మూలన పెట్టుకో. వెలుతురొచ్చే వైపు మాత్రం నేను కూర్చుంటాను. అది ఇవ్వను."

చెల్లెలు సంచి కింద పెట్టింది. "అవతలి మూల చీకటత్తా."

"నీవి చిన్నవయసు కళ్ళేగా. కనబడుతుందిలే."

ఎవరో నవ్వారు. చూస్తే ఇస్త్రీ మేస్త్రి.

అత్త లేచి వెనక గదిలోకి వెళ్ళి తన బల్ల అంచు పట్టుకుంది. ఒక్కరు లాగితే వచ్చే బల్ల కాదది. మగపిల్లలిద్దరూ లేవబోయేలోగా పెద్దకోడలు వెళ్ళి రెండోవైపు పట్టింది.

"మెల్లగా అత్తయ్యా, గుమ్మం ఉంది," అంది, తన గొంతుతోనే.